పెద్దాయన తాగాల్సిన టీ

మా గుట్టమీద తాప్లెలెలాగా టీ చిగురు గిల్లేవాళ్ళు లేరు. రెండు చేతులూ రెండు కోడిపెట్టల్లా పొద మీద పడి పొడిచేసినట్టుండేది. నోరూ అంతే. తూకం షెడ్డు దగ్గర గుమాస్తా ఒకసారి బుట్టలో చెయ్యి పెట్టి, "ఈ ఆకు ముదిరిపోయింది, తీసుకోను" అన్నాడు. "నువ్వూ ముదిరిపోయావు. మీ ఆవిడ నిన్ను వెనక్కి పంపిందా?" అంది. ఆ రోజు నుంచి అతను ఆమె బుట్టలోకి తొంగిచూడటం మానేశాడు.

నేను ఆ ఊరికి కొత్తకోడలిగా వెళ్ళేసరికి ఆమెకి యాభై దాటి ఉంటాయి. మా ఆయనకి దూరపు మేనత్త వరస. భర్త పోయాడు, పిల్లల్లేరు. మా కిప్సిగిస్ తెగలో బిడ్డను కన్న ఆడదాన్ని పేరు పెట్టి పిలవరు, ఫలానావాడి తల్లీ అంటారు. పాలుతాగే బిడ్డని వీపున కట్టుకున్న చిన్నపిల్లకైనా ఆ గౌరవం దక్కుతుంది. తాప్లెలె మాత్రం జుట్టు నెరిసినా తాప్లెలేనే. పాపం పెద్దది కదా అని ఎవరైనా కుర్రాడు "అమ్మమ్మా" అంటే, "ఏ మనవడి తరఫునరా?" అనేది. నవ్వుతూనే అనేది. కుర్రాడే తల గోక్కుంటూ వెళ్ళిపోయేవాడు.

అలాంటి ఇల్లు ఆరిపోకుండా మా పాతవాళ్ళు ఒక దారి పెట్టారు. పిల్లల్లేని ఆడది తానే ఒక పిల్లని ఇంటికి తెచ్చుకోవచ్చు, మగవాడు పెళ్ళాన్ని తెచ్చుకున్నట్టు. ఆ పిల్లకి పుట్టిన బిడ్డలు ఈ ఇంటి బిడ్డలవుతారు. పోయినాయన పేరు వాళ్ళకి వస్తుంది. తోటా వాళ్ళదే, ఆవూ వాళ్ళదే. తాప్లెలె చాలా ఏళ్ళు ఆలోచించి, చివరికి నది అవతలి నుంచి చెరోప్ అనే పిల్లని చూసుకుంది. చెరోప్‌కి పెళ్ళి కాలేదు, కడుపు మాత్రం కనబడుతోంది. తండ్రి గడప తొక్కొద్దన్నాడు. మేనమామ ఇంట్లో తలదాచుకుంటోంది. తాప్లెలె ఓ ఆదివారం ఆ పిల్లని చూడటానికి వెళ్ళి, పొట్టమీద చెయ్యి వేసి వచ్చింది. వచ్చాక ఆ చేత్తో ఏ పనీ చెయ్యకుండా కాసేపు అలాగే కూర్చుంది. "తన్నాడే కోడలా" అంది నాతో. "ఇప్పుడే తన్నులు మొదలెట్టాడు. నా మొగుడి వంశమే."

మేనమామకి అభ్యంతరం లేదు. ఒక్కటే అన్నాడు.

"ఆరప్ సిగిలాయ్ పెద్దాయన మీ ఇంట్లో టీ తాగాలి. నా కళ్ళముందు తాగాలి. తాగితే పిల్లని అక్కడే వదిలేసి పోతాను. తాగకపోతే నా వెంటే తీసుకుపోతాను. మా వైపు ఇంకో ఆవిడ కూడా అడుగుతోంది. పిల్లకి నెలలు నిండుతుంటే ఎన్నాళ్ళని కూర్చోబెట్టుకోను?"

అతను అడిగినదాంట్లో అన్యాయం లేదు. మా గుట్టమీద పెద్దలందరిలోకీ పెద్ద ఆరప్ సిగిలాయ్. ఆయన ఎవరింట్లో టీ తాగితే ఆ ఇంటికి వ్యతిరేకంగా పెద్దల కూటమిలో నోరు విప్పడు. ఒప్పుకోకపోతే గుమ్మంలోనే నిలబడి రెండు మాటలు మాట్లాడి పోతాడు. ఆయన గొంతులో టీ దిగిందంటే ఆ మాట రాతి మీద చెక్కినట్టే.

ఇంకో సంగతి. ఆరప్ సిగిలాయ్ పాత పట్టింపుల మనిషి. మాంసం తిన్న రోజున పాలు ముట్టడు, పాలు తాగిన రోజున మాంసం ముట్టడు. మాంసం తిన్న నోటితో పాలు తాగితే ఆ పాలిచ్చిన ఆవు పొదుగు పాడైపోతుందని మా ముసలివాళ్ళ నమ్మకం. అప్పటికే సగం ఊరు ఈ నియమాన్ని గాలికి వదిలేసింది. కుర్రాళ్ళు ఆయన్ని ఏడిపించేవారు. "తాతా, టీ అంటే టీయే కదా, పాలెలా అవుతుంది?" అనేవారు. "నీ మొహానికి మసి పూస్తే మీ అమ్మ నిన్ను గుర్తుపట్టదట్రా? పాలకి రంగేస్తే ఆవు గుర్తుపట్టదా?" అనేవాడాయన. 

సరే, పెద్దాయన రావడానికి ఒప్పుకున్నాడు. తాప్లెలెకి కాళ్ళు నేలమీద నిలవలేదు. పేడతో ఇల్లు అలికింది. ఆరాక నచ్చలేదని మళ్ళీ అలికింది. మా ఇంటి నుంచి కుర్చీ, ఇంకో ఇంటి నుంచి సాసర్లున్న కప్పులు తెచ్చింది. తర్వాత నన్ను ఆ కుర్చీలో కూర్చోబెట్టింది.

"ఇప్పుడు నువ్వు పెద్దాయనవి."

"నాకు గడ్డం లేదు కదత్తా."

"ఆయనకున్న నాలుగు వెంట్రుకల్ని గడ్డమనకు. దగ్గు."

దగ్గాను.

"అది దగ్గా? మేక తుమ్మినట్టుంది. పొట్టలోంచి దగ్గు. ఆ, అలా. ఇప్పుడు నా ఆవు సంగతి అడుగు."

"నీ ఆవు ఎలా ఉంది, తాప్లెలె?"

"ఆవు బాగుంది, దూడ బాగుంది, మీ దయ" అని వంగి కప్పు అందించింది. తొందరలో కొంచెం నా ఒళ్ళో ఒలికింది. కప్పులో ఉన్నది ఉత్త నీళ్ళే. ఆ రోజు నన్నెన్నిసార్లు పెద్దాయన్ని చేసిందో! ఆఖరికి నా మొగుడు వచ్చి, "పెద్దాయనా, ఇంటికొచ్చి సంకటి కెలుకు" అని లాక్కుపోయాడు.

కంచె అవతల ఇల్లు ఆమె తోడికోడలిది. మరిది భార్య. కిబోర్ అనే కొడుకుంటే కిబోర్ తల్లి అని పిలిచేవాళ్ళం. తాప్లెలె ఇలాగే పోతే టీ తోట ముక్కా, ఆవూ కిబోర్‌కే వస్తాయి. ఇది ఊరందరికీ తెలుసు. కిబోర్ తల్లి చెడ్డదని మాత్రం అనలేను. ఎవరికి జ్వరమొచ్చినా మొదట గంజి పట్టుకొచ్చేది ఆవిడే. కాకపోతే ఆ గంజి తాగినందుకు వాళ్ళు ఏడాదంతా ఆవిడకి కనబడకుండా తిరగాల్సొచ్చేది. చర్చిలో గట్టిగా పాడేది. తాప్లెలె కుర్చీలు, కప్పులు మోసుకురావడం కంచె మీదుగా చూసి, "ఎవరొస్తున్నారక్కా, గవర్నరా?" అంది.

"గవర్నరైతే కాఫీ ఇచ్చి పంపేదాన్ని" అంది తాప్లెలె.

ఆ రోజు వచ్చింది. పొద్దున్నే చెరోప్‌ని తీసుకుని మేనమామ వచ్చాడు. చెరోప్ మూటతో వంటపాకలో కూర్చుంది. మేనమామ బయట బల్ల మీద కూర్చుని కర్రతో నేల గీకుతున్నాడు. పెద్దాయన వచ్చే ఇంటికి చుట్టుపక్కలవాళ్ళంతా ఏదో పనున్నట్టు చేరతారు. చేరాం. వచ్చినవాళ్ళందరికీ సరిపోవాలని తాప్లెలె ఇంట్లో ఉన్న టీ పొడి మొత్తం ఒకే కుండలో వేసేసింది. నీళ్ళు ఒక్క చుక్క కలపలేదు. ఆమె ఆవు సామో, తెలుపు మీద బూడిద మచ్చలది, ఆ పూట ఇచ్చిన పాలన్నీ అందులోనే. పైన మీగడ కట్టి ఊరంతా వాసనొచ్చింది.

గేటు దగ్గర దగ్గు వినపడింది. నాదానికంటే ఏమీ గొప్పగా లేదు.

పెద్దాయన వచ్చాడు. ఎండలో కూడా ఆ పొడుగు కోటు విప్పలేదు. చేతులకి నేను వేణ్ణీళ్ళు పోశాను. నీళ్ళు వేళ్ళమీద నిలవకుండా బొట్లుబొట్లుగా జారిపోయాయి. ఏదో రాసుకున్నాడనుకున్నాను. కూర్చున్నాడు. వానల సంగతి, ఆవుల సంగతి, అందరి మోకాళ్ళ సంగతీ అయ్యాయి. "నీ ఆవెలా ఉంది, తాప్లెలె?" అని అడిగాడు. "ఆవు బాగుంది, దూడ బాగుంది, మీ దయ" అని ఆమె కప్పు అందించింది.  అంచుదాకా నింపి, సాసరులోకి ఒలికేలా పోసింది, పెద్దవాళ్ళకి పోయాల్సినట్టే. పెద్దాయన కళ్ళు మూసుకుని దేవుడికి దండం పెట్టాడు. కప్పు ఎత్తాడు. మేనమామ కర్ర గీకడం ఆపాడు.

కప్పు పెదాల దాకా వెళ్ళి ఆగింది. ఆయన వాసన చూశాడు. మెల్లగా మళ్ళీ సాసరులో పెట్టాడు.

"ఇందులో పాలున్నాయా, తాప్లెలె?"

"పాలేనయ్యా. నీళ్ళ మాటే లేదు. అంతా సామో పాలే."

"అయ్యో" అన్నాడు పెద్దాయన.

"ఏమైంది?"

"పొద్దున్న వస్తుంటే కిబోర్ తల్లి కంచె దగ్గర నిలబడి ఉంది. వాళ్ళ మేక కాలు విరిగిందట, కోసేశారట. 'ఖాళీ కడుపుతో ఎక్కడికి పెద్దాయనా, పెద్ద ముక్క పెద్దవాళ్ళకి పెట్టకుండా మాకు గొంతు దిగుతుందా' అంది. అరిటాకులో పెట్టి ఇచ్చింది. కార్జం. అప్పుడే నిప్పులమీంచి తీసింది."

"తిన్నారా?"

"కార్జం, తాప్లెలె" అన్నాడాయన. అంతకంటే చెప్పేదేముందన్నట్టు చేతులు చాచాడు. అప్పుడర్థమైంది నాకు, ఆ వేళ్ళమీద నీళ్ళెందుకు నిలవలేదో.

 వంటపాక తలుపు సందులోంచి చెరోప్ ఒక కన్ను కనబడుతోంది.

"ఒక్క గుక్క చాలు పెద్దాయనా" అంది తాప్లెలె. "గుక్క కూడా వద్దు. పెదాలు తడిస్తే చాలు."

"నీ ఆవు మాటేంటి మరి?"

"నా ఆవుని నేను చూసుకుంటా."

"ఏం చూసుకుంటావు? నీకున్నది ఒక్క ఆవు. దాని పొదుగు చెడగొట్టి పోయానన్న పాపం నాకెందుకు? ఇంకొకడైతే గుటుక్కున తాగేసి పోతాడు. నీ మంచి కోరేవాణ్ణి కాబట్టి తాగట్లేదు."

ఆయన నిజంగానే అన్నాడు ఆ మాట. కళ్ళలో తడి కూడా ఉంది.

"పోనీ రేపు రండి."

"రేపు మా అమ్మాయి ఊరెళ్తున్నాను. వానలు తగ్గాకే వస్తాను."

తాప్లెలె మేనమామ వైపు చూసింది. అతను ఆమె వైపు చూడకుండా, "మనమనుకున్న మాట ఇవాళ్టికే" అన్నాడు.

అప్పుడు పెద్దాయనే దారి చూపించాడు. "పాలు లేకుండా కాచి ఇవ్వు, తాగుతాను. నీళ్ళ టీ పోశావని నేనేం చిన్నబుచ్చుకోను. ఇంతమంది ముందు చెప్తున్నా." అందరం ఒక్కసారి ఊపిరి వదిలాం. నేను వంటపాకలోకి పరిగెత్తాను. డబ్బా బోర్లించి కొడితే దులపడానికి దుమ్ము కూడా లేదు. మా ఇంటికి పోయి తెద్దామని బయటికొచ్చేసరికి, కిబోర్ తల్లి గేటు తోసుకుని వస్తోంది. చర్చికి కట్టుకునే తలగుడ్డ, చేతిలో ఫ్లాస్కు.

"అక్కా! పెద్దాయన మా ఇంట్లో మాంసం తిన్నారు కదా, పాలు ముట్టరు కదా అని నాకిప్పుడే తట్టింది. నా మతిమరుపు మండిపోను! నీ దగ్గర ఇబ్బందవుతుందని నీళ్ళ టీ కాచుకొచ్చా. అల్లం కూడా దంచి వేశా."

ఆవిడ అనడం, కప్పులో పొయ్యడం, పెద్దాయన తాగడం అన్నీ ఒక్క ఊపులో అయిపోయాయి. పాపం ఆయనా ఇరుకులో పడ్డ మనిషే కదా, తప్పించుకునే సందు దొరికింది. రెండో కప్పు కూడా అడిగి తాగాడు. "అల్లం బాగా పడింది" అన్నాడు.

ఆ క్షణాన తాప్లెలె మొహం వెలిగింది. అది నేను మర్చిపోను. ఎవరి ఫ్లాస్కయితేనేం, ఆమె ఇంట్లో, ఆమె తెచ్చిన కుర్చీలో కూర్చుని, ఆమె గుమ్మం లోపల పెద్దాయన టీ తాగాడు. ఆమె మేనమామ వైపు తిరిగి, "చూశావుగా అన్నా" అంది.

మేనమామ నిజాయితీపరుడు. ఆ రోజు అతను కాస్త తక్కువ నిజాయితీపరుడై ఉంటే బాగుండేది. "పెద్దాయనా, మీరు తాగారు. మరి ఇది ఈ ఇంట తాగినట్టేనా?" అని అడిగాడు.

పెద్దాయన గడ్డంలో నాలుగు వెంట్రుకలూ దువ్వుకున్నాడు. "ఎవరి పొయ్యి మీద కాగింది?"

కిబోర్ తల్లి నేల చూపులు చూసింది. "మా పొయ్యి మీదే. అయినా దానికేముంది పెద్దాయనా? అన్నదమ్ముల ఇళ్ళు. మాదొకటీ అక్కదొకటీనా? ఒకే ఇల్లు."

"బాగా చెప్పావు" అన్నాడు పెద్దాయన. "నేను తాగింది కిబోర్ ఇంటి పొయ్యి టీ. లేదంటే అబద్ధమవుతుంది. ఈ ఇంటిమీద నాకు కోపం లేదు. కానీ అందరూ ఒకే ఇల్లయినప్పుడు ఇంకో పొయ్యి వెలిగించాలన్న తొందరెందుకు, తాప్లెలె? కిబోర్ ఉన్నాడుగా."

తాప్లెలె నోరు తెరిచింది. మేమంతా ఎదురుచూశాం. గుమాస్తాని, పాస్టరుని, మా అత్తగారిని, ఎవరినీ వదలని నోరది. కంచె అవతలికి పోయేలా ఒక్క మాట అంటుందనుకున్నాం.

"ఇంకొంచెం పొయ్యనా, పెద్దాయనా?" అంది.

"చాలు, చాలు" అని ఆయన లేచాడు. వెళ్ళేముందు మా పెద్దల పద్ధతిలో అరచేతిలో ఉమ్మి తుంపర ఊది, ఆమె గుండెమీద రాసి దీవించాడు. "ఈ ఇల్లు పిల్లల అరుపులతో, దూడల అరుపులతో నిండుగాక." వెటకారం కాదు. ఏ ఇంట్లోనైనా ఆయన దీవెన అదే, ఇంకోటి ఆయనకి రాదు. పెద్దవాళ్ళు దీవిస్తే అందరూ "నిండుగాక" అనాలి. అన్నాం. అందరికంటే గట్టిగా కిబోర్ తల్లి అంది. చర్చిలో పాడే గొంతు కదా.

చెరోప్ మూట నెత్తిన పెట్టుకుని బయటికొచ్చింది. తాప్లెలె ఆమెని ఆపి, పెద్దాయన ముట్టకుండా వదిలేసిన కప్పు చేతికిచ్చింది. "తాగి వెళ్ళు. నది దాకా ఎక్కడా నీడ లేదు." ఆ పిల్ల నిలబడే గటగటా తాగేసింది. మేనమామకీ ఒక కప్పు ఇచ్చింది. "మాకు ఆ పట్టింపుల్లేవమ్మా" అని అతనూ తాగి, మూతి తుడుచుకుని, "మంచి టీ" అన్నాడు. ఇద్దరూ వెళ్ళిపోయారు. చెరోప్ నది అవతలి ఆవిడ ఇంటికే వెళ్ళింది. కొడుకే పుట్టాడు. అల్లరి పిల్లాడని చెప్పుకున్నారు.

మిగతాది మేం తాగాం. ఏం చెయ్యమంటారు, కుండెడు టీ. అంత చిక్కటి టీ నేను మళ్ళీ ఎక్కడా తాగలేదు. "ఇలాంటి టీ పెట్టేదానివి ఇన్నాళ్ళూ ఎవర్నీ పిలవలేదేం తాప్లెలె?" అని ఒకావిడ నిష్ఠూరమాడింది. కిబోర్ తల్లి రెండుసార్లు పోయించుకుంది. తర్వాత టీ తోటలో, ఆ మేక కాలెలా విరిగిందని ఎవరో అడిగితే, "మేకనే అడగండి, నా కడుపులో ఉంది" అని నవ్విందట. అందరూ నవ్వారట. ఇప్పుడా తోట ముక్క కిబోర్‌దే. పొదలు బాగానే చూసుకుంటాడు, కాదనకూడదు.

ఫ్లాస్కు మాత్రం తాప్లెలె ఇంట్లోనే ఉండిపోయింది. నిండుగా వచ్చిన గిన్నెని మా దగ్గర ఖాళీగా పంపరు. శత్రువుదైనా సరే. పొద్దు వాలాక సామోని పిండి, ఆ పాలు కాచి, పంచదార వేసి, ఫ్లాస్కు నింపింది. "తోడు రా" అంటే నేనూ వెళ్ళాను. కిబోర్ తల్లి ఇంట్లో మేక ఎముకలు చీకుతున్నారు. ఆవిడ చేతులు మోచేతుల దాకా జిడ్డు.

తాప్లెలె ఫ్లాస్కు కింద పెట్టింది. "ఇవి పాలు. మీరు ఇవాళ మాంసం తిన్నారు. పులిసిపోయినా సరే, రేపే తాగండి. నాకున్నది ఒక్క ఆవు."

"అయ్యో పిచ్చి అక్కా! మేం ప్రార్థన చేసుకునేవాళ్ళం. ఆ పాత చాదస్తాలు మాకెక్కడివి?" అని కిబోర్ తల్లి చేతిలో ఎముక కింద పెట్టకుండానే మూత విప్పింది. కప్పు నిండా వొంపుకుని, తాప్లెలె కళ్ళలోకి చూస్తూ, అడుగుదాకా తాగింది. పైపెదవి మీద మీగడ నాలికతో తీసుకుంది.

"కొంచెం తీపెక్కువైందక్కా."

మర్నాడు తెల్లవారుతూనే నేను కుర్చీ తెచ్చుకోవడానికి వెళ్ళాను. తాప్లెలె ఆవు దగ్గర గొంతుక్కూర్చుని ఉంది. పొదుగంతా వేళ్ళతో నొక్కి నొక్కి చూస్తోంది. ఒక్కో చన్నూ పట్టి, మొదటి ధార అరచేతిలోకి పిండుకుని, వెలుగులో పెట్టి చూసింది. ఎక్కడా గడ్డ లేదు. రక్తపు చార లేదు. సామో నెమరేస్తూ తోక ఊపుకుంటోంది. ముందురోజుకంటే ఎక్కువే ఇచ్చింది. గిన్నె నిండి, నురగ పొంగి, పక్కలనుంచి మట్టిలోకి కారుతోంది.

"అత్తా, నిండింది" అన్నాను.

ఆమె పిండటం ఆపలేదు.